కస్టమ్ పోస్టుల పేజినేషన్: ఐదో పేజీ దాకా వచ్చి ఆరోది ఎందుకు తెరుచుకోదు

సార్, ముందు మీ సమస్య నాకు అర్థమైనంత వరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు కడపలో లెక్చరర్. జిల్లాలో దొరికిన శాసనాల మీద వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో) సైటు కట్టుకున్నారు. 'శాసనం' అనే కస్టమ్ పోస్ట్ టైపు, అంటే సొంత రకం ఎంట్రీ, పెట్టి 47 ఎంట్రీలు ఎక్కించారు. ఆర్కైవ్ టెంప్లేట్‌లో (మొత్తం జాబితా పేజీని చూపించే ఫైలులో) సొంతంగా ఒక డబ్ల్యూపీ క్వెరీ (డేటాబేస్‌ను ఎంట్రీలు అడిగే కోడ్) రాసి, శతాబ్దం వరసలో, పేజీకి 6 చొప్పున చూపిస్తున్నారు. కింద 1 నుంచి 8 దాకా అంకెలు వస్తున్నాయి. 5 దాకా తెరుచుకుంటున్నాయి, 6 నొక్కితే 'పేజీ దొరకలేదు' (404 అనే తప్పు). 7, 8 కూడా అంతే. పైగా 16వ శతాబ్దం శాసనం ఒకటి మూడో పేజీలోనూ నాలుగో పేజీలోనూ కనిపిస్తోంది, ఇంకొకటి అసలు ఎక్కడా లేదు. హోమ్ పేజీలో పెట్టిన జాబితాలో ఏ అంకె నొక్కినా అవే ఆరు శాసనాలు. కలమళ్ల శాసనం మొదట రావాల్సింది, అది ఎక్కడుందో కూడా తెలియడం లేదని రాశారు.

కలమళ్ల ఏడో పేజీలో ఉంది సార్, దాదాపు ఖాయంగా. అంటే తెరుచుకోని పేజీలో. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను. తెలుగులో దొరికిన తొలి శాసనంగా మనం చెప్పుకునేది, మన జిల్లాలోనే ఉన్నది, మీ సైటులో ఎవరూ చేరలేని చోట పడి ఉందంటే నాకే మనసుకు ఎలాగో అనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. కోడ్ పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిషులో, పదానికీ పదానికీ మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ముందు ఆరో పేజీ సంగతి. చాలామంది మొదట లింకుల కోడ్‌ను అనుమానిస్తారు. ప్లగిన్ మారుస్తారు, థీమ్ మారుస్తారు. లింకులు సరిగ్గానే ఉన్నాయి. అసలు జరుగుతున్నది చూడండి. ఎవరైనా మీ సైటులో శాసనాల ఆర్కైవ్ ఆరో పేజీ అడ్రస్ కొట్టగానే, మీ టెంప్లేట్ ఫైలును ముట్టుకోకముందే వర్డ్‌ప్రెస్ ఆ అడ్రస్ చదువుతుంది. 'పోస్ట్ టైపు శాసనం, పేజ్డ్ 6' అని విడదీసుకుని తనే ఒక క్వెరీ నడుపుతుంది. దాన్నే మెయిన్ క్వెరీ అంటారు. దానికి మీ 6 లెక్క తెలీదు. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట ఉన్న అంకె మాత్రమే తెలుసు. మీరు మార్చకపోతే అది 10. పేజీకి 10 చొప్పున ఆరో పేజీ అంటే 51వ శాసనం నుంచి మొదలవ్వాలి. మీ దగ్గర ఉన్నవి 47. ఒక్కటీ దొరకదు. దొరక్కపోతే 'పేజీ లేదు' అని తేల్చేసి ఆ టెంప్లేట్‌ను చూపిస్తుంది. మీరు కష్టపడి రాసిన ఆర్కైవ్ టెంప్లేట్ ఆ పేజీలో అసలు నడవనే నడవదు. అందులో ఎన్ని మార్పులు చేసినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే.

పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. 47 మంది ఉన్నారు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి బంతికి 10 మంది అని లెక్క వేసుకుని, ఐదు బంతులతో అయిపోతుందని అనుకున్నాడు. లోపల వడ్డించేవాళ్ళు బంతికి 6 ఆకులే వేస్తున్నారు, వాళ్ళ లెక్కకు ఎనిమిది బంతులు కావాలి. ఆరో బంతికి వచ్చినవాళ్ళను గేటు మనిషి 'అయిపోయింది' అని వెనక్కి పంపేస్తాడు. లోపల ఆకులు వేసే ఉన్నాయి. మీ సైటులో ఇప్పుడు ఇదే నడుస్తోంది.

కాబట్టి గేటు దగ్గర లెక్క మార్చాలి. దానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చిన చోటు 'ప్రీ గెట్ పోస్ట్స్' అనే హుక్. మెయిన్ క్వెరీ డేటాబేస్ దగ్గరికి వెళ్ళేలోపే దాన్ని మనం పట్టుకుని మార్చుకోవచ్చు. 'ఫంక్షన్స్' ఫైలులో గానీ, ఇంకా మంచిదైతే ఒక చిన్న సొంత ప్లగిన్‌లో గానీ ఒక ఫంక్షన్ రాసి 'యాడ్ యాక్షన్'తో ఈ హుక్‌కు తగిలించండి. ఫంక్షన్‌లో ముందు మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఇది డాష్‌బోర్డ్ కాదు కదా: 'ఈజ్ అడ్మిన్' అయితే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. రెండు, ఇది మెయిన్ క్వెరీయేనా: 'ఈజ్ మెయిన్ క్వెరీ' అని, ఫంక్షన్‌కు వచ్చిన ఆ క్వెరీ మీదే అడగాలి. మూడు, ఇది శాసనాల ఆర్కైవేనా: 'ఈజ్ పోస్ట్ టైప్ ఆర్కైవ్' అని, మీ పోస్ట్ టైపు పేరు ఇచ్చి అడగాలి. మూడూ కుదిరితేనే 'పోస్ట్స్ పర్ పేజ్'ను 6 అని సెట్ చేయండి.

ఈ మూడు షరతుల్లో ఏదీ వదలొద్దు సార్. రెండోది వదిలేస్తే ఆ పేజీలోనే నడిచే మిగతా క్వెరీలకు కూడా, అంటే సైడ్‌బార్‌లోని తాజా పోస్టుల్లాంటి వాటికి కూడా, ఈ 6 అంటుకుంటుంది. మొదటిది వదిలేస్తే డాష్‌బోర్డ్‌లో మీ శాసనాల పట్టిక వరస తారుమారై, ఎంట్రీలు వెతుక్కోవడం కష్టమవుతుంది. ఈ రెండూ తర్వాత ఎప్పుడో బయటపడతాయి, అప్పటికి ఈ ఫంక్షన్ రాసిన సంగతే గుర్తుండదు.

తర్వాత టెంప్లేట్‌కు వెళ్ళి మీరు రాసుకున్న డబ్ల్యూపీ క్వెరీని పూర్తిగా తీసేయండి. బాధగా ఉంటుంది, తెలుసు. మామూలు లూప్ (ఎంట్రీలను ఒక్కొక్కటిగా చూపే కోడ్) చాలు: 'హ్యావ్ పోస్ట్స్', 'ద పోస్ట్'. కింద లింకులకు 'ద పోస్ట్స్ పేజినేషన్' అని ఒక్క మాట. మొత్తం పేజీలు ఎన్నో అది మెయిన్ క్వెరీని అడిగి తెలుసుకుంటుంది, మీరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు గేటులోనూ లోపలా ఒకటే లెక్క.

కొన్ని చోట్ల 'రీడింగ్‌లో అంకెను 6 చేయండి, సరిపోతుంది' అని సలహా ఇస్తారు. నిజమే, 404 పోతుంది. కానీ మీ బ్లాగు పోస్టులు, కేటగిరీ పేజీలు కూడా ఆరుకి దిగిపోతాయి. రేపు ఎవరైనా ఆ సెట్టింగ్‌ను మళ్ళీ 10 చేస్తే శాసనాల పేజీ మళ్ళీ విరుగుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. 'క్వెరీ పోస్ట్స్' అనే ఫంక్షన్ వాడమని చెప్పే పాత సలహాలు కూడా కనిపిస్తాయి. అది వాడకండి. మెయిన్ క్వెరీ ఒకసారి నడిచి, 404 తేలిపోయిన తర్వాత దాని స్థానంలో ఇంకోటి పెడుతుంది, ఆరో పేజీకి అప్పుడు కూడా దిక్కు ఉండదు.

ఇక వరస సంగతి. మీరు శతాబ్దాన్ని కస్టమ్ ఫీల్డ్‌లో (ఎంట్రీకి అదనంగా తగిలించే గడిలో) 6, 7, 16 అని రాసుకుని 'మెటా వ్యాల్యూ' ప్రకారం వరస పెట్టారు. కస్టమ్ ఫీల్డు డేటాబేస్‌లో అంకెగా ఉండదు, అక్షరాలుగా ఉంటుంది. అక్షరాల వరసలో 10, 11, 16, 17 అన్నీ 1తో మొదలవుతాయి కాబట్టి 6 కన్నా ముందు వచ్చేస్తాయి. నిఘంటువులో 'అమ్మ' తర్వాతే 'ఆవు' వచ్చినట్టు. 575 ప్రాంతానిదని చెప్పే కలమళ్ల, దాదాపు అదే కాలపు ఎర్రగుడిపాడు, ఆ తర్వాతి రేనాటి చోళుల శాసనాలు, ఇవన్నీ ఆరు నుంచి తొమ్మిదో శతాబ్దం లోపువి. విజయనగర కాలం నాటివి కూడా అయిపోయాక, చివర్లో ఏడు, ఎనిమిది పేజీల్లోకి పోయాయి. ఆ పేజీలేమో తెరుచుకోవు. రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడి, జిల్లాకు పేరు తెచ్చిన శాసనాన్నే దాచేశాయి.

'మెటా వ్యాల్యూ' బదులు 'మెటా వ్యాల్యూ నమ్' అని రాయండి. అప్పుడు అంకెలుగా పోలుస్తుంది, 6 ముందుకొస్తుంది. ఫీల్డులో '6వ శతాబ్దం' అని మాటలు రాయకండి, ఉత్త అంకె ఉంచండి. చూపించేటప్పుడు టెంప్లేట్‌లో 'వ శతాబ్దం' తగిలించుకోవచ్చు.

ఒకే శాసనం రెండు పేజీల్లో కనబడటం గురించి. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ మీ లాంటి సైటుకు ఇదే అన్నిటికన్నా ప్రమాదం. మీకు 16వ శతాబ్దం కింద 14 ఎంట్రీలు ఉన్నాయన్నారు. వాటన్నిటికీ ఫీల్డులో ఉన్నది ఒకటే అంకె. 'శతాబ్దం ప్రకారం పేర్చు' అంటే ఆ 14 తమలో తాము ఏ వరసలో ఉండాలో మీరు చెప్పలేదు. చెప్పకపోతే డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్‌కు ఎలా వీలైతే అలా ఇచ్చే స్వేచ్ఛ ఉంది. మూడో పేజీ అడిగినప్పుడు ఒక వరస, నాలుగో పేజీ అడిగినప్పుడు ఇంకో వరస రావచ్చు, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. అలా ఒకటి రెండు చోట్లా పడుతుంది, దానివల్ల చోటు పోయిన ఇంకొకటి ఎక్కడా కనపడదు. పరిశోధన చేసే పిల్లలు మీ సైటు చూసి శాసనాలు లెక్క పెట్టుకుంటే ఆ లెక్క తప్పుతుంది. తప్పిందని వాళ్ళకు తెలిసే దారి కూడా లేదు.

మందు చిన్నదే. రెండో వరస కూడా చెప్పాలి, అది ఏ రెండు ఎంట్రీలకూ ఒకటిగా ఉండకూడదు. ఐడీ అలాంటిదే. 'ఆర్డర్ బై' అనే చోట ఒక్క మాట బదులు అర్రే (జాబితా) ఇవ్వండి: మొదట 'మెటా వ్యాల్యూ నమ్' చిన్న నుంచి పెద్దకు, తర్వాత 'ఐడీ' చిన్న నుంచి పెద్దకు. 'మెటా కీ' మామూలుగానే మీ శతాబ్దం ఫీల్డు పేరు. ఇవన్నీ కూడా పైన చెప్పిన 'ప్రీ గెట్ పోస్ట్స్' ఫంక్షన్‌లోనే సెట్ చేయాలి, టెంప్లేట్‌లో కాదు.

ఇక్కడే ఇంకో అనుమానం. 'మెటా కీ' ఇచ్చి వరస పెడితే ఆ ఫీల్డు అసలు లేని పోస్టులు జాబితాలోంచే మాయమైపోతాయి. కాలం తేలని శాసనాలకు మీరు ఫీల్డు వదిలేసి ఉంటే అవి బయటే ఉండిపోతాయి. మీకు ఎనిమిది పేజీలు వచ్చాయంటే కనీసం 43 ఎంట్రీలకు ఫీల్డు ఉన్నట్టు. మిగతా నాలుగు సంగతి ఆ అంకె చెప్పదు. కాబట్టి మీకు ఎక్కడా కనబడని ఆ శాసనం, పైన చెప్పినట్టు రెండు పేజీల మధ్య జారిపోయిందైనా కావచ్చు, శతాబ్దం రాయనిదైనా కావచ్చు. డాష్‌బోర్డ్‌లో దాన్ని తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఉన్నవి 47 కాబట్టి నేనైతే క్వెరీని జటిలం చేయకుండా కాలం తేలనివాటికి ఫీల్డులో 99 అని వేసి, చూపించేటప్పుడు 99 ఉంటే 'కాలం తెలియదు' అని రాయిస్తాను.

హోమ్ పేజీ జాబితా వేరే జాతి. అక్కడ మెయిన్ క్వెరీ తెచ్చేది శాసనాలను కాదు, హోమ్‌గా పెట్టుకున్న ఆ ఒక్క పేజీని. కాబట్టి అక్కడ సొంత డబ్ల్యూపీ క్వెరీ రాయడం న్యాయమే. తప్పు ఎక్కడంటే, స్టాటిక్ పేజీని హోమ్‌గా పెట్టినప్పుడు పేజీ అంకె 'పేజ్డ్'లో రాదు, 'పేజ్' అనే వేరే దాంట్లో వస్తుంది. మీరు 'పేజ్డ్'ను అడుగుతున్నారు, అది సున్నా చెప్తోంది, ప్రతిసారీ మొదటి ఆరే వస్తున్నాయి. ముందు 'పేజ్డ్' చూడండి, లేకపోతే 'పేజ్' చూడండి, రెండూ లేకపోతే 1 అనుకోండి. 'పేజినేట్ లింక్స్'కు 'టోటల్' కింద మీ క్వెరీలోని 'మ్యాక్స్ నమ్ పేజెస్', 'కరెంట్' కింద ఈ అంకె ఇవ్వండి. లూప్ అయ్యాక 'డబ్ల్యూపీ రీసెట్ పోస్ట్‌డేటా' మరవకండి. నా మాట వింటే హోమ్ పేజీలో అంకెలే వద్దు. ఆరు శాసనాలు చూపించి కింద 'అన్ని శాసనాలు' అని ఆర్కైవ్‌కు ఒక లింకు చాలు. చదివేవాళ్ళకూ అదే సుఖం.

ఇంతా చేశాక రెండో పేజీకే 404 వస్తే స్లగ్, అంటే అడ్రస్‌లో వచ్చే పేరు, చూడాలి. దీనితో నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. అప్పుడు ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళు పాలిష్ పట్టే ఒక యూనిట్ వాళ్ళకు సైటు చేస్తున్నా. రాళ్ళ రకాలకు ఒక పోస్ట్ టైపు పెట్టి స్లగ్ 'బండలు' అన్నాను, జాబితా పేజీ ఇచ్చే 'హ్యాజ్ ఆర్కైవ్' పెట్టలేదు. జాబితా కోసం విడిగా ఒక పేజీ చేసి దానికీ 'బండలు' అనే స్లగ్ ఇచ్చాను. మొదటి పేజీ చక్కగా వచ్చింది. రెండో పేజీ అడ్రస్ 'బండలు, పేజ్, 2' అని ఉంటుంది కదా. వర్డ్‌ప్రెస్ దాన్ని పోస్ట్ టైపు నియమంతో చదివి, 'పేజ్' అనే పేరున్న రాయి కావాలేమో అనుకుని వెతికింది. అలాంటి రాయి లేదు, 404. క్వెరీలో తప్పేమీ లేదు, నేను మూడు రోజులూ క్వెరీనే తిప్పి తిప్పి చూశాను. ఆ యూనిట్ ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి 'ఏమైంది అబ్బీ, బండల సైజుల పేజీ బెంగళూరు పార్టీకి పంపాల' అనేవాడు. పేజీ స్లగ్ మార్చి, అడ్రస్‌ల సెట్టింగ్ అయిన పర్మాలింక్స్‌లో సేవ్ నొక్కగానే తెరుచుకుంది.

మీ విషయంలో ఆర్కైవ్ తెరుచుకుంటోంది కాబట్టి ఈ గొడవ లేదనుకుంటా. అయినా 'శాసనాలు' అని విడిగా పేజీ ఏదైనా చేసి ఉంటే దాని స్లగ్ వేరుగా ఉందో లేదో చూడండి. పోస్ట్ టైపు స్లగ్ గానీ 'హ్యాజ్ ఆర్కైవ్' గానీ మార్చిన ప్రతిసారీ సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ తెరిచి, ఏమీ మార్చకపోయినా సేవ్ నొక్కండి. నియమాలు అప్పుడే కొత్తగా రాసుకుంటుంది. అదే పనిని ప్రతి పేజీ లోడ్‌లో నడిచేలా కోడ్‌లో పెట్టే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల సైటు బరువెక్కుతుంది.

మీరు తర్వాత చేయబోతున్నానన్న వాటి గురించి రెండు మాటలు. సంవత్సరం ప్రకారం వడపోత పెడతానన్నారు. అడ్రస్‌లో దానికి 'ఇయర్' అనే పేరు పెట్టకండి. అది వర్డ్‌ప్రెస్ సొంతానికి ఉంచుకున్న పేరు, పోస్టు పబ్లిష్ అయిన సంవత్సరం అని దాని అర్థం. 1510 ఇస్తే 1510లో పబ్లిష్ చేసిన పోస్టుల కోసం వెతికి ఏమీ లేదంటుంది. 'నేమ్' కూడా అలాంటిదే. మీ సొంత పేరు ఏదైనా పెట్టుకుని 'క్వెరీ వార్స్' ఫిల్టర్‌లో చేర్చండి. నన్నడిగితే శతాబ్దాన్నీ, ఊరినీ కస్టమ్ ఫీల్డులుగా కాక ట్యాక్సానమీలుగా (వర్గాలుగా) చేసుకోండి. ఒక్కో శతాబ్దానికీ, ఒక్కో మండలానికీ దాని పేజీ, దాని పేజినేషన్ వాటంతట అవే వస్తాయి. 'జమ్మలమడుగు మండలం శాసనాలు' అని విద్యార్థులకు నేరుగా లింకు ఇవ్వొచ్చు. వరసకు మాత్రం అంకె ఫీల్డు అలాగే ఉంచుకోండి. ట్యాక్సానమీ పేజీలకూ 6 కావాలంటే పై ఫంక్షన్‌లో మూడో షరతు దగ్గర 'లేదా ఈజ్ ట్యాక్స్' అని చేర్చాలి.

మొదటి శాసనాన్ని పైన పెద్ద బొమ్మతో చూపాలని ఉందన్నారు. దానికోసం, మొదటి కొన్ని ఎంట్రీలను దాటేయమనే 'ఆఫ్‌సెట్' జోలికి పోవద్దు. ఆఫ్‌సెట్ ఇస్తే పేజీ అంకెను వర్డ్‌ప్రెస్ పట్టించుకోదు, మళ్ళీ అన్ని పేజీల్లో అవే వస్తాయి. లూప్ లోపలే, ఇది మొదటి పేజీ అయ్యి, ఇది మొదటి ఎంట్రీ అయితే పెద్ద డిజైన్ అని రాసుకోండి. ఇంకా, వేగం కోసమని చెప్పే కోడ్ ముక్కల్లో 'నో ఫౌండ్ రోస్' అనేది కనిపిస్తుంది. పేజీలు కావాల్సిన చోట అది పెట్టొద్దు. మొత్తం ఎన్నో లెక్కపెట్టడం మానేస్తుంది, కింద అంకెలే రావు.

అన్నీ మార్చాక క్యాష్ ప్లగిన్ (పేజీల పాత కాపీలు దాచేది) ఉంటే ఖాళీ చేసి, లాగిన్ లేకుండా వేరే బ్రౌజర్‌లో చూడండి. లేకపోతే పాత 404నే చూసి కోడ్ పని చేయలేదనుకుంటారు. మొదటి పేజీలో కలమళ్ల, ఎర్రగుడిపాడు ఉండాలి. కింద 8 దాకా అంకెలు ఉండాలి, ఎనిమిదో పేజీలో 5 శాసనాలు ఉండాలి. 9 అని చేత్తో కొడితే 'పేజీ దొరకలేదు' రావాలి. ఒకవేళ ఎనిమిదో పేజీలో 5కి తక్కువ ఉంటే, ఎన్ని తగ్గాయో అన్నిటికి శతాబ్దం ఫీల్డు రాయలేదని అర్థం. అవేవో వెతికి నింపండి.